మత్తును నిద్ర అనుకున్న రెండేళ్లు

విశాఖపట్నంలో మా ఇంటికి ఎదురుగా రెండు ఏడాకుల చెట్లు ఉన్నాయి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను నగరంలోని చెట్లను నేలకూల్చిన తరువాత, త్వరగా ఎదుగుతాయని వీధుల వెంట నాటిన మొక్కల్లో అవీ ఉన్నాయి. దసరా వెళ్లింది మొదలు రాత్రిపూట వాటి పూల ఘాటు వాసన వీధంతా కమ్ముకుంటుంది. రాత్రుళ్లు నాకు ముక్కు దిబ్బడ వేసి నిద్ర పట్టకపోవడానికి ఆ చెట్లే కారణమని రెండేళ్లపాటు గట్టిగా నమ్మాను. వాటిని కొట్టించమని వీధిలో మరి నలుగురితో కలిసి అర్జీ కూడా పెట్టాను. పూలన్నీ రాలిపోయిన తరువాత మార్చిలోనూ, జూలైలోనూ నా ముక్కు అలాగే మూసుకుపోతున్న సంగతి మాత్రం లెక్కలోకి తీసుకోలేదు.

నా వయసు 44. జూనియర్ కళాశాలలో కామర్స్ చెబుతాను; మొదటి పీరియడు ఉదయం 9 గంటలకు. పడుకున్న గంటసేపటికి ఏ పక్కకు ఒత్తిగిలితే ఆ పక్క ముక్కు మూసుకుపోయేది. తెల్లవారుజామున 4 గంటలకు వరసగా పది, పన్నెండు తుమ్ములు వచ్చేవి. నోరు పిడచకట్టుకుపోయి, గొంతు గరగరలాడుతూ లేచేదాన్ని. ఏడు గంటలు పక్క మీద ఉండి కూడా, డెబిట్ వైపు వేయవలసిన అంకెను బోర్డు మీద క్రెడిట్ వైపు వేస్తుంటే పిల్లలు సరిదిద్దేవారు. గురక పెడుతున్నానని మావారు చెప్పినప్పుడు ఒప్పుకోలేదు. ఫోనులో రికార్డు చేసి వినిపించిన తరువాత ఆ మాట ఎత్తడం మానేశాను.

మొదట చూపించుకున్న డాక్టరుకు నిద్ర పట్టడం లేదని చెప్పానే గాని, ముక్కు సంగతి చెప్పలేదు. మా పుట్టింట్లో అందరికీ ఏడాది పొడుగునా రొంపే కనుక అది చెప్పుకోదగిన జబ్బని నాకు తోచలేదు. థైరాయిడ్, చక్కెర, రక్తహీనత పరీక్షలన్నీ సవ్యంగానే వచ్చాయి. ఆయన రెండు వారాలకు నిద్రమాత్ర రాశారు. దానితో త్వరగా నిద్రపోయేదాన్ని గాని, 4 గంటల తుమ్ములు ఆగలేదు.

ఆ తరువాత నేను చేసిన పని నలుగురూ చేసేదే. మందుల షాపులో అడిగి లెవోసెట్రిజిన్, మాంటెలుకాస్ట్ అనే రెండు అలర్జీ మందులు కలిసిన బిళ్ళ రోజూ రాత్రి వేసుకోవడం మొదలుపెట్టాను. తుమ్ములు తగ్గాయి, మగత కమ్మింది, దాన్నే నిద్ర అనుకున్నాను. దిబ్బడ మాత్రం తగ్గకపోవడంతో ముక్కులో వేసుకునే ఆక్సీమెటజోలిన్ చుక్కలు కూడా కొనుక్కున్నాను. అవి వేసిన ఐదు నిమిషాల్లో ముక్కు తెరుచుకుని ప్రాణం లేచివచ్చినట్టుండేది. ఆ చుక్కలు మూడు నుంచి ఐదు రోజులకు మించి వాడకూడదు. వాడితే మందు ప్రభావం తగ్గినప్పుడల్లా లోపలి రక్తనాళాలు మునుపటికన్నా ఎక్కువగా ఉబ్బి, చుక్కలు వేసుకుంటే తప్ప ముక్కు తెరుచుకోని స్థితి వస్తుంది. నేను వాటిని ఐదు నెలలు వాడాను. అర్ధరాత్రి లేచి చీకట్లో ఆ సీసా కోసం తడుముకోవడం కూడా నిద్ర చెడడంలో భాగమేనని అప్పట్లో తట్టలేదు.

చివరికి వెళ్లిన చెవి ముక్కు గొంతు డాక్టరుగారు నా గోడంతా విని ఒకే ప్రశ్న వేశారు: “మీకు నిద్ర పట్టడం లేదా, పట్టిన నిద్ర నిలవడం లేదా?” అంతవరకు ఆ రెండింటినీ ఎవరూ విడదీసి అడగలేదు. అలర్జీ ముక్కు తీవ్రతను లెక్కగట్టేటప్పుడు తుమ్ములు ఎన్ని వచ్చాయన్నదానికన్నా, దానివల్ల నిద్ర చెడుతోందా, పగటి పని చెడుతోందా అన్నవే ప్రధానంగా చూస్తారని ఆవిడ చెప్పారు. అలర్జీ ముక్కు గురించి 2001లో వెలువడిన అంతర్జాతీయ ‘అరియా’ మార్గదర్శకాల ప్రకారం వారానికి నాలుగు రోజులకు మించి, వరసగా నాలుగు వారాలకు మించి ఉంటే అది దీర్ఘకాలికం. నిద్ర చెడితే చాలు, అది స్వల్పం అన్న వర్గం దాటిపోయినట్టే. నేను రొంప అని తీసిపారేసినదానికి కాగితం మీద ‘దీర్ఘకాలికం, మధ్యస్థం నుంచి తీవ్రం’ అని రాసి ఇచ్చారు.

రాత్రే ఎందుకు ఎక్కువవుతుందన్న నా సందేహానికి ఆవిడ ఓపికగా బదులిచ్చారు. పడుకోగానే ముక్కు లోపలి పొరల్లోకి రక్తం చేరి అవి ఉబ్బుతాయి. ఆరోగ్యవంతులకు ఇది తెలియను కూడా తెలియదు, అప్పటికే వాచిన ముక్కుకు మాత్రం దారి పూర్తిగా మూసుకుపోతుంది. శరీరంలో సహజంగా ఊరే కార్టిసోల్ అనే హార్మోను అర్ధరాత్రి ప్రాంతంలో బాగా పడిపోతుంది కనుక వాపును అదుపు చేసేది ఆ వేళకు తక్కువగా ఉంటుంది. తెల్లవారుజాము తుమ్ములకు అదొక కారణం. ముక్కు మూసుకుపోయినప్పుడు నోటితో ఊపిరి తీస్తాం, గొంతు వెనుక దారి ఇరుకవుతుంది, గురక వస్తుంది, మెదడు కొన్ని క్షణాలు ఉలిక్కిపడి మళ్లీ నిద్రలోకి జారుతుంది. ఆ ఉలికిపాట్లేవీ పొద్దున్నే మనకు గుర్తుండవు.

ఏది పడటం లేదో తేల్చడానికి చర్మం మీద చేసే ప్రిక్ టెస్టుకు ముందు ఏడు రోజులు ఆ బిళ్ళ మానేయాలన్నారు. నాకు అన్నిటికన్నా కష్టమైన వారం అదే. మూడో రోజు నుంచి ఒళ్లంతా దురద మొదలైంది. సెట్రిజిన్, లెవోసెట్రిజిన్ నెలల తరబడి వాడి ఆపినవారిలో అరుదుగా తీవ్రమైన దురద వస్తుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2025 మే నెలలో హెచ్చరించిందని తరువాత తెలిసింది. ఆ వారంలో రెండు రోజులు సెలవు పెట్టాను, ఒక రాత్రంతా వాలుకుర్చీలోనే కూర్చున్నాను.

పరీక్ష మాత్రం అరగంట పని. ముంజేతి మీద వరసగా చుక్కలు వేసి, ఒక్కొక్కచోట చిన్న సూదిమొనతో గుచ్చి, పావుగంట ఆగి, లేచిన దద్దుర్లను స్కేలుతో కొలుస్తారు. ఉప్పునీరు గుచ్చినచోట ఏమీ లేవకూడదు, అలర్జీలో దురద, దద్దుర్లు తెప్పించే హిస్టమిన్ గుచ్చినచోట తప్పక లేవాలి; ఈ రెండింటితో పోల్చి చూస్తారు. 3 మిల్లీమీటర్లు గాని అంతకన్నా ఎక్కువ గాని ఉంటే పడనట్టు లెక్క. నాకు వయ్యారిభామకు సున్నా, బొద్దింకకు 3, పరుపుల్లో ఉండే డస్ట్ మైట్లకు 8. ఏడాకుల చెట్టు సంగతి అడిగితే, ఆ ఘాటు అప్పటికే వాచిన ముక్కును మరింత రేపి ఉండవచ్చు గాని ఏడాది పొడుగునా ఉండే దిబ్బడకు అది కారణం కాదన్నారు. అర్జీ మీద సంతకం పెట్టిన చేతినే చాపుకుని కూర్చున్నాను.

డస్ట్ మైటు కంటికి ఆనదు; మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు. మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు తిని బతుకుతుంది, నీరు తాగదు, గాలిలోని తేమనే పీల్చుకుంటుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు గాలిలో తేమ 70 శాతం దాటి ఉండే మా ఊరు దానికి పుట్టినిల్లే. అలర్జీ తెప్పించేది ఆ పురుగుకన్నా దాని మలంలోని ప్రొటీను.

నా తల కింద ఉన్నది పదహారేళ్ల నాటి బూరుగు దూది దిండు. మా అత్తయ్యగారు చోడవరం దగ్గర తమ దొడ్లోని బూరుగు చెట్టు కాయలు ఒలిచి, గింజ తీసి, స్వయంగా కుట్టించి ఇచ్చినది. దాన్ని తీసేయాలని చెప్పడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. ఆవిడ వెంటనే, “ఏటా ఎండలో వేయిస్తూనే ఉన్నాను కదమ్మా, పురుగెలా ఉంటుంది?” అన్నారు. ఎండకు పురుగు చస్తుంది గాని ప్రొటీను అలాగే ఉంటుందని, ఉతికితేనే పోతుందని, ఆ దూదిని ఉతకలేమని చెప్పాను. ఆవిడ నాతో రెండు రోజులు ముభావంగా ఉన్నారు. ఇప్పుడా దిండు హాల్లో దీవాను మీద, ఎవరూ తల పెట్టని చోట ఉంది.

దిండు మారిస్తే సరిపోతుందనుకున్న నాకు డాక్టరుగారు అక్కడే అడ్డు చెప్పారు. పురుగు చొరబడని తొడుగులు మాత్రమే వేయించి చూసిన రెండు పెద్ద అధ్యయనాలు, అలర్జీ ముక్కు మీద ఒకటి, పెద్దవారి ఉబ్బసం మీద ఒకటి, 2003లో వెలువడ్డాయని, రెండింటిలోనూ ఆ ఒక్క పనితో రోగులకు చెప్పుకోదగిన ఉపశమనం కలగలేదని అన్నారు. కనుక తొడుగులతో పాటు వారానికొకసారి దుప్పట్లు, గలీబులు 60 డిగ్రీల నీళ్లలో ఉతకడం మొదలుపెట్టాను. మా వాషింగ్ మెషీనులో నీళ్లు వేడిచేసే ఏర్పాటు లేదు. ఆదివారం పొద్దున స్టవ్ మీద రెండు పెద్ద గిన్నెల నీళ్లు కాచి బకెట్టులో నానబెడుతున్నాను. ఈ పనిలో విసుగు తప్ప వేరే కష్టం లేదు.

గురక ఉన్నందువల్ల ఒక రాత్రి ఆసుపత్రిలో పడుకోబెట్టి, తలకు, ఛాతీకి, వేలికి తీగలు తగిలించి నిద్ర పరీక్ష కూడా చేశారు. ఊపిరి ఆగడం, తగ్గడం కలిపి గంటకు 8 సార్లు జరిగింది. 5 లోపు ఉండాలి, 15 దాటితే మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. నాది స్వల్పమే కనుక నిద్రలో గాలి ఒత్తిడితో ఊపిరి దారి తెరిచి ఉంచే యంత్రం అవసరం లేదని, ముందు ముక్కు బాగుచేసి మూడు నెలల తరువాత చూద్దామని నిర్ణయించారు.

చుక్కలు పూర్తిగా మాన్పించి, ముక్కు లోపలి వాపు తగ్గించే ఫ్లూటికాసోన్ స్ప్రే ఇచ్చారు. దాన్ని కొట్టుకునే పద్ధతి ఎవరైనా చూపించాలి: కుడిచేత్తో ఎడమ ముక్కులోకి, ఎడమచేత్తో కుడి ముక్కులోకి, మధ్య గోడకు తగలకుండా బయటి వైపుకు. చుక్కల్లా అది వెంటనే పనిచేయదు. ఎనిమిది రోజులు నరకమే. తొమ్మిదో రాత్రి తెల్లవారుజామున మెలకువ రాలేదు. గడియారం 6 చూపిస్తుంటే అది ఆగిపోయిందేమోనని లేచి చూశాను.

మాంటెలుకాస్ట్‌ను మాత్రం ఆవిడ తిరిగి రాయలేదు. పీడకలలు, నిద్రలేమి, మనసు కుంగడం వంటివాటి గురించి 2020 మార్చిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆ మందు మీద అత్యంత గట్టి హెచ్చరికను ముద్రించమని ఆదేశించింది. అలర్జీ ముక్కుకు ఇతర మందులు పనిచేయనప్పుడే దాన్ని వాడమంది. ఆ బిళ్ళ వేసుకున్నన్నాళ్లు నన్ను పీడకలలు కూడా వేధించాయి. అవి దానివల్లే వచ్చాయని తేల్చి చెప్పలేను గాని, ఆపిన మూడో వారానికి అవి రావడం మానేశాయి. నిద్ర కోసమని వేసుకున్న బిళ్ళలో నిద్ర చెడగొట్టగల మందు ఉందని షాపువాడు చెప్పలేదు. నేనూ కాగితం విప్పి చదవలేదు.

మూడు నెలల తరువాత, మొదటి రోజు నింపిన ఎప్‌వర్త్ ప్రశ్నపత్రాన్నే మళ్లీ ఇచ్చారు. పగటిపూట ఏయే సందర్భాల్లో కునుకు పడుతుందో అడిగే ఎనిమిది ప్రశ్నలకు మొత్తం 24 మార్కులు. 10 దాటితే మగత ఎక్కువున్నట్టు. మొదట 15 వచ్చిన నాకు ఈసారి 7 వచ్చింది. మధ్యాహ్న భోజనం తరువాత ప్రశాంతంగా కూర్చున్నప్పుడు కునుకు పడుతుందా అన్న ప్రశ్నకు మాత్రం అప్పుడూ ఇప్పుడూ పూర్తిగా 3 మార్కులే వేసుకున్నాను. డాక్టరుగారు ఆ గడి దగ్గర పెన్ను ఆపి, మధ్యాహ్నం ఏం తింటారని అడిగారు. అన్నం, పప్పు, ఆవకాయ, గడ్డ పెరుగు అని చెప్పాను. ఆవిడ నవ్వి, ఆ గడిని వదిలేసి తరువాతి ప్రశ్నకు వెళ్లారు.