ఒక్క గుక్క నీళ్లు

నిన్న బాబాయ్‌ని ఆస్పత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చాం. 11 రోజుల కిందట మా కోడె కుమ్మితే పొట్ట చీలి పేగు కాస్త బయటికొచ్చింది. గులాబీ రంగులో, తడిగా, ఊపిరి తీసినప్పుడల్లా కదులుతూ. ఇప్పటికీ కళ్లు మూస్తే అదే.

చుట్టూ జనం. ఒకరు పసుపు పెట్టమంటారు, ఇంకొకరు పేగు లోపలికి నెట్టి తువ్వాలు బిగించి కట్టమంటారు. నేను 108కి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. "నెట్టొద్దమ్మా. శుభ్రమైన గుడ్డ మంచినీళ్లతో తడిపి పైన కప్పండి, ఆరనివ్వొద్దు. వెల్లకిలా పడుకోబెట్టి మోకాళ్లు మడిచి పెట్టండి." అలా మడిస్తే పొట్ట కండరాలు వదులవుతాయట.

బాబాయ్ "నీళ్లమ్మా, ఒక్క గుక్క" అని అడుగుతూనే ఉన్నాడు. ఇవ్వలేదు. ఆపరేషన్‌కి మత్తిచ్చినప్పుడు కడుపులోది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంటుంది. అరగంటసేపు ఆయన పెదాల మీద తడి గుడ్డ అద్దుతూ కూర్చున్నాను. అంత కష్టమైన పని నేనెప్పుడూ చేయలేదు.

అంబులెన్స్‌లో వచ్చినతను దారిలో ఇంకో మాట చెప్పాడు. కత్తైనా, కర్రైనా ఒంట్లో గుచ్చుకుపోతే పీకకూడదు, కదలకుండా చుట్టూ గుడ్డలు పేర్చి అలాగే తీసుకురావాలి, లాగితే రక్తం ఆగదు అని. ఛాతీకి దెబ్బ తగిలి ఆయాసపడే మనిషినైతే బలవంతంగా పడుకోబెట్టొద్దు, ఆనించి కూర్చోబెట్టాలి.

ఇవాళ పొద్దున బాబాయ్ గ్లాసుడు పల్చటి మజ్జిగ తాగాడు. గ్లాసు కింద పెట్టి, ఏమీ అనకుండా నా చెయ్యి పట్టుకున్నాడు.