నీళ్ళలో లేని మేఘాలు

పడుకుందామని ఫోను పక్కన పెట్టి మళ్ళీ తీశాను. మావాడు పంపిన చెరువు ఫొటో నిద్ర పోనివ్వడం లేదు. పైన ఆకాశమంతా నారింజ మబ్బులు, కింద నీళ్ళు పాలిపోయి తెల్లగా. ఆకాశం మార్చే బటన్ నొక్కాడన్నమాట. నొక్కితే నొక్కాడు, నీళ్ళ సంగతి చూసుకోవద్దూ!

నిలకడగా ఉన్న నీళ్ళలో ప్రతిబింబం మామూలుగా ఆకాశం కంటే కాస్త ముదురుగానే ఉంటుంది, పడిన వెలుగులో కొంత నీళ్ళలోకి దిగిపోతుంది కాబట్టి. వీడి ఫొటోలో ఆకాశం కంటే నీళ్ళే మెరుస్తున్నాయి! ఇంకా చూస్తే కొమ్మల సందుల్లో పాత తెలుపు మిగిలిపోయి ఆకుల అంచుల వెంట గీతలా కనబడుతోంది. సూర్యాస్తమయపు మబ్బుల కింద మనుషుల నీడలేమో మిట్టమధ్యాహ్నంలా పొట్టిగా పాదాల దగ్గరే ఉన్నాయి.

అసలు ఆకాశం తెల్లబడడానికి కారణం మీటరింగ్, అంటే కెమెరా వెలుగును కొలిచే తీరు. నల్లటి గట్టును చూసి కెమెరా ఎక్స్‌పోజర్, అంటే లోపలికి తీసుకునే వెలుగు, పెంచేసింది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ తమ గరిష్ఠ విలువ 255 దగ్గర ఆగిపోయాక అక్కడ తవ్వి తీయడానికి ఏమీ మిగలదు. ఆకాశం మీద వేలు పెట్టి ఎక్స్‌పోజర్ లాక్ చేసి, ఒక స్టాప్ తగ్గించి (అంటే వెలుగును సగం చేసి), వెలుగునీడల లెక్క చూపే హిస్టోగ్రామ్ గ్రాఫు కుడి గోడకు గుద్దుకోకుండా చూసుకుంటే చాలు. చీకటి పడ్డ గట్టును తర్వాత పైకి లాగొచ్చు, అదీ సెన్సర్ పట్టిన సమాచారాన్ని ఉన్నదున్నట్టు దాచే రా ఫైలైతే. 8 బిట్ల జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే, 14 బిట్ల రా ఫైల్లో 16,384. ఇదీ కాదంటే ట్రైపాడ్ మీద రెండేసి స్టాప్‌ల తేడాతో మూడు ఫ్రేములు తీసి కలపాలి. గాలికి ఆకులు కదిలితే మాత్రం దెయ్యాల్లా రెండేసి కనబడతాయి.

ఇక్కడిదాకా వచ్చి, ఆకాశం అతికించడం శుద్ధ మోసమని ఒక పేరా రాసి కొట్టేశాను. పందొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ గుస్తావ్ ల గ్రే అడ్డొచ్చాడు.

1851లో వచ్చిన తడి కొలోడియన్ పలకలకు, అంటే రసాయనం పూసి తడిగా ఉండగానే వాడే గాజు నెగెటివ్‌లకు, నీలం మీదే మక్కువ. సముద్రానికి సరిపడా ఎక్స్‌పోజర్ ఇస్తే నెగెటివ్‌లో ఆకాశం ముద్దలా నల్లబడి, ప్రింట్‌లో ఒట్టి తెల్ల కాగితంలా వచ్చేది. ఆకాశానికి సరిపడా ఇస్తే సముద్రం చీకటి. ల గ్రే 1856, 57 ప్రాంతాల్లో తీసిన సముద్రపు చిత్రాలు కొన్నిట్లో ఏం చేశాడంటే, మబ్బులకు ఒక నెగెటివ్, నీళ్ళకు ఒకటి విడిగా తీశాడు. ప్రింట్ చేసేటప్పుడు ఒక భాగాన్ని కప్పి రెండోది, దాన్ని కప్పి మొదటిది, ఒకే కాగితం మీద. అతుకు సరిగ్గా క్షితిజరేఖ దగ్గర. ఒకే ఆకాశాన్ని వేర్వేరు సముద్రాల మీద వాడిన సందర్భాలూ ఉన్నాయి. మావాడి బటన్ ఏం కొత్త?

ఆ లెక్కన ఇప్పటి ఫోన్లు మనం అడక్కుండానే ఒక్క నొక్కుకు అనేక ఫ్రేములు కలిపేస్తున్నాయి. ‘అతకని ఫొటో’ అనేదే అరుదైపోయింది.

అయినా కోపం పూర్తిగా పోలేదు. ల గ్రే ఆకాశాలు అతను ఎక్కడో నిలబడి తీసినవే. పైగా అలలున్న సముద్రం అద్దం కాదు, అందులో మబ్బుల్ని ఎవరూ వెతకరు. యాప్‌లోని ఆకాశం అందరిదీ. రోజూ స్క్రోల్ చేసేవాళ్ళకు సాయంత్రమంటే ఆ నారింజే అలవాటైపోయి, మామూలు బూడిదరంగు సాయంత్రం తప్పుగా తీసిన ఫొటోలా కనిపిస్తోంది. ఫొటోగ్రఫీ కోర్సుల్లో అపెర్చర్, షట్టర్, ఐఎస్ఓ ముందు చెప్పి, చరిత్రను చివర్లో ఎక్కడో పెడతారు. రెండూ ఒకే పాఠంలో చెప్పరెందుకో! ల గ్రే అతుకు చూపిస్తే డైనమిక్ రేంజ్, అంటే ఒకే ఫొటోలో పట్టగల వెలుగుచీకట్ల మేర, దానంతటదే అర్థమవుతుంది.

రేపు మావాణ్ణి అసలు ఫైలు అడగాలి. చాటింగ్ యాప్‌లో వచ్చింది పనికిరాదు, నొక్కి చిన్నది చేసేస్తుంది, ఎప్పుడు, ఏ సెట్టింగ్‌లతో తీశారో చెప్పే ఎక్సిఫ్ సమాచారం కూడా చాలావరకు రాలిపోతుంది. రా తీసి ఉండడు, నాకు తెలుసు.