మూడేళ్ల నిమ్మతోట, ఆరుగురి సంతకాలు

నెల్లూరు జిల్లా పొదలకూరు మండలంలో మాది మూడెకరాల నిమ్మతోట. ఎకరాకు నూరు చెట్ల లెక్కన మూడు వందలకు పైగా ఉన్నాయి, అన్నీ మా మామగారు నాటినవే. ఆయన పోయాక తోట పని నా చేతికి వచ్చింది. దీనికి సేంద్రియ సర్టిఫికెట్ తెచ్చుకోవడానికి మాకు మూడేళ్లు పట్టింది. అడిగేవాళ్లందరూ కాగితాల గురించే అడుగుతారు. కాగితాలు ఒక వారం పని. మిగతా మూడేళ్లలో జరిగిందే నేను రాయాలనుకున్నది.

ముందు మేం మోసపోయిన సంగతి చెప్పాలి. 2020లో ఒకతను మా ఊరికి వచ్చి, మనిషికి ఐదు వేలు ఇస్తే సర్టిఫికెట్ ఇంటికి తెచ్చిస్తానన్నాడు. "తోట చూడకుండా ఎట్టా ఇస్తారన్నా?" అని అడిగాను. "అవన్నీ మేం చూసుకుంటాంలేమ్మా" అన్నాడు. నలుగురం ఇచ్చాం. ఆరు నెలల తర్వాత అతని ఫోన్ మోగడం మానేసింది. అందుకే ఒక మాట గట్టిగా చెబుతున్నాను: మీ తోటలో కాలు పెట్టకుండా సర్టిఫికెట్ ఇస్తానన్న మనిషికి రూపాయి కూడా ఇవ్వొద్దు.

అసలు దారి చూపించింది ప్రకృతి వ్యవసాయం పనిలో మా ఊళ్లు తిరిగే ఐసీఆర్పీ అక్క. రైతు సాధికార సంస్థ వాళ్లు ఊళ్లలో సొంతంగా ప్రకృతి సేద్యం చేసేవాళ్లనే ఎంచుకుని, పక్క రైతులకు నేర్పడానికి పెడతారు, వాళ్లనే ఐసీఆర్పీ అంటారు. ఆమెకూ రెండెకరాలుంది, ఆమె చేతులకూ మట్టి అంటుకునే ఉంటుంది. పీజీఎస్ అనే పద్ధతి ఉందని, కేంద్ర వ్యవసాయ శాఖదని, రిజిస్ట్రేషన్‌కు ఫీజు లేదని ఆమే చెప్పింది. ఇందులో బయటి నుంచి ఇన్‌స్పెక్టర్ రాడు. ఒకే ఊళ్లో గాని పక్క పక్క ఊళ్లలో గాని ఉన్న రైతులు కనీసం ఐదుగురు గ్రూపు కట్టాలి. ఒకరి తోటను ఇంకొకరు తనిఖీ చేసి ఫారం నింపాలి, అందరూ కూర్చుని నిర్ణయం రాయాలి, దాన్ని రీజనల్ కౌన్సిల్ చూసి ఆమోదించాలి. ఎగుమతి చేయాలంటే మాత్రం ఇది చాలదు. దానికి ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ అపెడా కింద ఎన్‌పీఓపీ పద్ధతి వేరే ఉంది, అందులో ఏజెన్సీ మనిషి తనిఖీకి వస్తాడు, ఖర్చూ ఉంటుంది. మాకు దేశంలో అమ్ముకుంటే చాలు కాబట్టి పీజీఎస్‌కే వెళ్లాం.

2021 ఆగస్టులో మా వసారాలో ఆరుగురం కూర్చుని ప్రతిజ్ఞ పత్రం మీద సంతకాలు పెట్టాం. నేను, మా చినమామ, మా ఆడపడుచు భర్త, పక్క ఊరి రైతులు ముగ్గురు. ఆధార్, పాస్‌బుక్ నకళ్లు, అడంగల్, అంతకు ముందు ఏ పంటకు ఏ మందు కొట్టామో ఆ చరిత్ర, ఇవీ కాగితాలు. ఒక్కచోట మాత్రం తడబడ్డాం. నిమ్మతోట సర్వే నంబర్లు రాస్తే సరిపోతుందనుకున్నాం. అట్లా కుదరదట. ఒక మడిలో యూరియా చల్లుతూ ఇంకో చోట సేంద్రియం అనడానికి లేదు, రైతు పేరున ఉన్న భూమి మొత్తం మారాలి. ఇద్దరికి కండలేరు కాలువ కింద వరి ఉంది. ఆ రాత్రి వాళ్లిద్దరూ పక్కకు పోయి చాలాసేపు మాట్లాడుకున్నారు. మర్నాడు పొద్దున వచ్చి సంతకం పెట్టారు.

ఏడాది పంటలకైతే 24 నెలలు, పండ్ల తోటలకు 36 నెలలు మార్పిడి కాలం. అప్పటిదాకా పీజీఎస్ గ్రీన్ అంటారు, ఆ తర్వాతే పీజీఎస్ ఆర్గానిక్. ఆ 36 నెలలు నిమ్మ రైతుకు ఎందుకంత బరువో నిమ్మ వేసినవాళ్లకే తెలుస్తుంది. మా దగ్గర నిమ్మకు డబ్బు వచ్చేది మార్చి నుంచి మే దాకా. వానాకాలంలో కాయ విరగకాసినా మార్కెట్ యార్డులో అడిగేవాడుండడు. ఎండాకాలంలో కాయ కావాలంటే పూత ముందే రావాలి. దానికి జూన్‌లో జిబ్బరెల్లిక్ ఆమ్లం, సెప్టెంబర్‌లో సైకోసెల్, అక్టోబర్‌లో పొటాషియం నైట్రేట్ కొడతారు. మధ్యలో తోటను బెట్టకు వదులుతారు. సేంద్రియంలో పూత తెప్పించే ఆ మందులు పనికిరావు. మనకు మిగిలేది నీళ్లు ఆపి చెట్టును బెట్టకు తేవడం ఒక్కటే. ఆ అక్టోబర్, నవంబర్‌లలోనే కదా మన నెల్లూరుకు ఈశాన్య రుతుపవనాల వానలు! మనం బెట్ట పెట్టాలనుకుంటే ఆకాశం ఒప్పుకోదు.

2021 నవంబర్ జిల్లాలో ఎవరూ మర్చిపోరు. పెన్నా పొంగి ఊళ్లను ముంచింది. మా తోట మునగలేదు గాని పది రోజులు పాదుల్లో నీళ్లు నిలిచాయి. బెట్ట మాట దేవుడెరుగు. మరుసటి ఏప్రిల్‌లో నిమ్మ ధర ఎన్నడూ లేనంత పెరిగింది, కిలో వంద దాటి పరిగెత్తింది. పక్క తోటల వాళ్లు ఆటోల్లో బస్తాలు తోలుకుపోతుంటే, మా మూడెకరాల్లో వారానికి రెండు బస్తాలు నిండడం కష్టమైంది. మా ఆయన ఒక్క మాటా అనలేదు. ఆ మౌనానికే నాకు ఎక్కువ టెన్షన్. ఆ వేసవిలో ఎన్నో రాత్రులు మంచం మీద లెక్కలేసుకుంటూ పడుకున్నాను.

చెట్ల సంగతి మాత్రం మెల్లగా కుదుటపడింది. ద్రవ జీవామృతం మొదటి నెల నుంచే మొదలుపెట్టాం: 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, ఆవు పంచకం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గట్టు మీది పిడికెడు మట్టి. చెట్ల మధ్య నవధాన్యాలు చల్లి పూతకు రాగానే కోసి పాదుల్లో పరిచాం. నిమ్మకు అసలు శత్రువు గజ్జి తెగులు. లేత చిగురును ఆకుముడత పురుగు తొలిచిన దారిలోనే గజ్జి లోపలికి పోతుంది. అందుకని గజ్జి వచ్చాక చూద్దామని ఆగకూడదు, చిగురు కనబడగానే వేపగింజల కషాయం పడాలి. వానలకు ముందే గజ్జి పట్టిన కొమ్మలు కత్తిరించి కాల్చాలి. కోసిన చోట మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో పేస్ట్ పూశాం. మైలుతుత్తాన్ని పరిమితంగా వాడుకోవచ్చని నిబంధనల్లో ఉంది. ఐసీఆర్పీ అక్కకు అది నచ్చలేదు, ప్రకృతి సేద్యంలో అదీ వద్దంటుంది. దీని మీద మా ఇద్దరికీ ఇప్పటికీ కుదరలేదు. అయినా ఆమె వారం తప్పకుండా వచ్చేది. ఏ పథకం డబ్బూ చేయని మేలు ఆ రాక చేసింది.

బయోడైనమిక్ అనే ఇంకో సేంద్రియ పద్ధతి సంగతి కూడా చెప్పాలి. మా ఆడపడుచు భర్త ఒక శిక్షణకు వెళ్లి నేర్చుకొచ్చాడు. 1924లో రుడాల్ఫ్ స్టైనర్ అనే ఆయన ఐరోపాలో రైతులకు ఇచ్చిన ఎనిమిది ఉపన్యాసాలు దీనికి మొదలు. మన దేశానికి న్యూజిలాండ్ రైతు పీటర్ ప్రాక్టర్ 1990లలో వచ్చి నేర్పాడు. మన రాష్ట్రంలోనే అరకు గిరిజన రైతులు కాఫీ తోటల్లో ఈ పద్ధతి పాటిస్తున్నారు. పాడి ఆవు పేడను ఆవు కొమ్ములో కూరి, దసరా రోజుల్లో పూడ్చి, ఉగాది ముందు తీస్తారు. దాన్ని 500 అంటారు. ఎకరాకు 25 గ్రాములు, 13 లీటర్ల నీళ్లలో వేసి గంటసేపు తిప్పాలి. ఒక వైపు తిప్పి సుడి లేచాక రెండో వైపు తిప్పుతూ పోవాలి. సాయంత్రం పూట చీపురుతో నేల మీద చిలకరించాలి.

మొదటి ఏడు మా గుంత ఆ నవంబర్ వానలో నిండిపోయింది. మార్చిలో తవ్వితే కొమ్ముల్లో పేడ పచ్చిగానే ఉంది, ముక్కు మూసుకోవాల్సినంత వాసన. అంతా పారబోశాం. పుస్తకాల్లో రాసిన నెలలు సరే, మా నేలకు ఎత్తయిన చోటు కావాలని ఆలోచించకపోవడం మా తప్పు. రెండో ఏడు తాటిచెట్ల దిబ్బ మీద పూడ్చాం. ఈసారి తీస్తే నల్లగా, పొడిపొడిగా, తొలకరి మట్టి వాసనతో ఉంది. చేతిలో పట్టుకుని ఆరుగురం ఒకరి తర్వాత ఒకరు వాసన చూశాం.

దాంతోనే తోట బాగుపడిందని నేను చెప్పలేను. జీవామృతం, ఆచ్ఛాదన, పచ్చిరొట్ట అన్నీ కలిపి చేసిన తోటలో ఏది ఏ పని చేసిందో వేరు చేయడం నా వల్ల కాదు. ఈ పద్ధతిలో చంద్రుడి రాశులను బట్టి పనులు చేసే లెక్కలూ ఉన్నాయి, వాటి జోలికి నేను పోలేదు. కానీ ఆవు పేడ, గుడ్డు పెంకులు, రాతిపొడి, మూలికల తయారీలు కలిపి గుంతలో మాగబెట్టే సీపీపీ అనే ఎరువును మాత్రం వదలను. 60 కిలోల పేడతో మొదలుపెడితే మూడు నెలల్లో తయారవుతుంది. వేరుకుళ్లు వచ్చిన పాదుల్లో పోస్తే ఈ రెండేళ్లలో మాకు ఒక్క చెట్టూ ఎండలేదు. అందులో వేసే యారో వంటి మూలికలు మన వేడికి పెరగవు, ఆ తయారీలు బయటి నుంచి తెప్పించుకోవాలి. డిమీటర్ అనే బయోడైనమిక్ ముద్రకు తనిఖీ, ఫీజు వేరే. మాకు అంత స్తోమత లేదు, అవసరమూ కనబడలేదు.

2022 నవంబర్ తనిఖీకి ముగ్గురం చినమామ తోటకు వెళ్లాం. గేటు దాటగానే ముగ్గురం ఆగిపోయాం. కొమ్మ కొమ్మకూ పూత. ఆకు కనబడనంత తెల్లగా. మా ఐదుగురి తోటల్లో ఎక్కడో ఒక గుత్తి ఉన్న రోజులవి. ఆ పూత మన పద్ధతికి రాదు. నిమ్మ రైతు ఎవరికైనా చూడగానే తెలిసిపోతుంది. ఆయన రికార్డు పుస్తకంలో సెప్టెంబర్ పేజీ ఖాళీగా ఉంది.

ఎవరూ అడగలేదు. ఆయనే అన్నాడు: "కొట్టానమ్మా. పాప ఇంజినీరింగ్ ఫీజు కట్టాల. పోయిన ఎండాకాలం అందరూ డబ్బు చేసుకుంటా ఉంటే చూస్తా కూర్చున్నా. ఇంకో ఏడు ఆగలేకపోయినా."

ఆయన మా పెళ్లిలో పెద్దరికం చేసిన మనిషి. మామగారు పోయినప్పుడు తోటలో మోటార్ దగ్గర నా పక్కన నిలబడి స్టార్టర్ ఎట్లా వేయాలో నేర్పిన మనిషి. గ్రూపు పుస్తకంలో నిర్ణయం రాసేది నేను. "రాయొద్దులే, పూత వానకు వచ్చిందందాం" అని ఒకరన్నారు. ఇంకొకరు గ్రూపు నుంచే తీసేద్దామన్నారు. ఆరుగురం రెండు గంటలు కూర్చున్నాం. చివరికి చినమామే, "రాయమ్మా. నా వల్ల మీ ఐదుగురి కాగితం అబద్ధం కాకూడదు" అన్నాడు. ఆయనకు మార్పిడి కాలం మళ్లీ సెప్టెంబర్ 2022 నుంచి మొదలవుతుందని రాశాను. ఆరుగురం సంతకం పెట్టాం. రాస్తుంటే అక్షరాలు వంకర్లు పోయాయి, ఆ పేజీ ఇప్పటికీ అట్లాగే ఉంది.

ఆ మరుసటి వారమే ఫీజుకు మేం ఐదుగురం తలా కొంత సర్దాం. ఆయన వద్దన్నాడు, అప్పుగానైనా తీసుకోమన్నాం. రైతుకు సాయమంటే పథకాల లెక్కే చెబుతారు. పరంపరాగత్ కృషి వికాస్ యోజన అనే కేంద్ర పథకం కింద హెక్టారుకు మూడేళ్లకు కలిపి 31,500 రూపాయలు ఉంటుంది, అందులో 15,000 ఎరువుల వంటి వాటి కోసం నేరుగా రైతు ఖాతాకు వస్తుంది. రైతులు కలిసి చేసే క్లస్టర్‌లో ఉంటేనే అది. ఆ డబ్బు అక్కరకు వచ్చేదే, కాదనను. కానీ ధర పెరిగిన ఏడు తోట ఖాళీగా ఉన్న రైతు దగ్గర ఎవరు కూర్చుంటారు? ఆ పని ఏ పథకంలోనూ లేదు. ఆ వేసవిలో మేం చినమామ ఇంటికి వెళ్లి ఉండాల్సింది. ఎవరి దిగులులో వాళ్లం ఉండిపోయాం.

2024 ఆగస్టు దాటాక ఐదుగురికీ పీజీఎస్ ఆర్గానిక్ వచ్చింది. అది ఏడాదికే చెల్లుతుంది, తనిఖీలు ఆగవు. సర్టిఫికెట్ తీసుకుని పొదలకూరు యార్డుకు పోతే దానికి విడిగా ధర లేదు, మా కాయ కూడా అందరి బస్తాల్లోనే కలిసిపోతుంది. ఇది ముందే తెలుసుకోండి. మేం నెల్లూరులో అపార్ట్‌మెంట్ల వాళ్లకు వారం వారం నేరుగా ఇస్తున్నాం, పచ్చళ్లు పట్టే ఇద్దరు ఆడవాళ్లకు వానాకాలం కాయ పోస్తున్నాం. రైతు తన పంటను తినేవాళ్లకు తానే నేరుగా అమ్ముకుంటే ఆహార భద్రత సంస్థ (ఎఫ్ఎస్ఎస్ఏఐ) సేంద్రియ నిబంధనల్లో చిన్న రైతుకు సడలింపు ఉంది, అది మాకు కలిసొచ్చింది. తొక్క మీద మందు లేదని ఊరగాయ పెట్టేవాళ్లు ఏరి కొంటారు, నిమ్మలో తొక్క కూడా తినేదే కదా. వానాకాలంలో యార్డు కంటే మాకు మేలైన ధరే వస్తోంది. ఎండాకాలం కాయ ఇప్పటికీ తక్కువే.

చినమామకు ఈ సెప్టెంబర్‌తో 36 నెలలు పూర్తవుతాయి. నిన్న రాత్రి ఫోన్ చేశాడు. "గురువారం తనిఖీకి రండమ్మా. ఎండెక్కకముందే రండి. పుస్తకంలో ఒక్క పేజీ ఖాళీ లేదు, చూసుకోండి" అన్నాడు. ఆరున్నరకల్లా వస్తామని చెప్పాను.