దిక్కు మార్చుకున్న నది: షికాగోలో ఒక రోజు

మా అమ్మాయి షికాగో దగ్గరి నేపర్‌విల్‌లో కాపురం పెట్టి ఆరేళ్ళయినా మేము అక్కడికి వెళ్ళడం ఈ వేసవిలోనే కుదిరింది. వెళ్ళిన మూడో వారంలో అమ్మాయి ఒక శుక్రవారం సెలవు పెట్టి, మా ఇద్దరినీ, ఎనిమిదేళ్ళ మనవడినీ షికాగో చూపించడానికి బయలుదేరదీసింది. ఏమేమి చూడాలో నన్నే చెప్పమంటే, అన్నిటికన్నా ముందు నదిని చూపించమన్నాను. ముప్ఫై నాలుగేళ్ళు నీటిపారుదల శాఖలో కాలువల మీద పనిచేసినవాడిని. షికాగో నది పారే దిక్కును మనుషులు మార్చారని చదువుకునే రోజుల్లో విన్నది మొదలు, దాన్ని కళ్ళారా చూడాలన్న కోరిక నాలో ఉండిపోయింది.

చుట్టుపక్కల ఊళ్ళను షికాగోతో కలిపే రెండంతస్తుల మెట్రా రైలులో పైఅంతస్తు సీట్లే కావాలని మనవడు పట్టుబట్టాడు. 1925లో తెరిచిన యూనియన్ స్టేషన్‌లో దిగి, ఎత్తైన గాజుకప్పు కింద పొడవాటి చెక్క బల్లలున్న పెద్ద హాలులో కాసేపు కూర్చుని, మిషిగన్ అవెన్యూ వంతెన దగ్గరికి నెమ్మదిగా నడిచాం. భవనాలను చూపిస్తూ వాటి కథలు చెప్పే పడవలు అక్కడి నుంచే బయలుదేరతాయి. ఎండ బాగానే ఉన్నా నీటి మీది గాలి చల్లగా తగులుతోంది.

పడవ కదలగానే మా వ్యాఖ్యాత, డెబ్బై ఏళ్ళు దాటిన ఒక పెద్దావిడ, భవనాల పేర్లు చెప్పడం మొదలుపెట్టారు. మొక్కజొన్న కంకుల్లా గుండ్రంగా లేచిన మెరీనా సిటీ జంట భవనాల్లో కింది 19 అంతస్తులూ కార్లు నిలిపే చోటేనని చెప్పగానే మనవడు వాటిని లెక్కపెట్టడానికి సిద్ధమయ్యాడు. నా చూపు మాత్రం నీటి మీదనుంచి కదలలేదు. ఆకుపచ్చ రంగు నీరు ఎటు పోతోందో తెలియనంత నిదానంగా ఉంది. వంతెనల కింద స్తంభాల దగ్గర తేలుతున్న ఆకులను కాసేపు గమనించాక, అవి సరస్సు వైపునుంచి ఊరి లోపలికి వెళ్తున్నట్టు అర్థమైంది.

సహజంగా ఈ నది తూర్పుకు పారి మిషిగన్ సరస్సులో కలిసేది. ఊరు పెరిగేకొద్దీ మురుగంతా నదిలోకి, నదినుంచి సరస్సులోకి చేరింది. ఊరు తాగేదీ ఆ సరస్సు నీరే. మొదట్లో మంచినీటిని ఒడ్డుకు దూరంగా తోడుకోవాలని సరస్సు అడుగున రెండు మైళ్ళ సొరంగం తవ్వి 1867లో పూర్తిచేశారు. నేల మరీ పల్లం కావడంతో మురుగు కాలువలకు వాలు దొరకక, అంతకుముందే వీధుల మట్టాన్ని పెంచి, కట్టిన భవనాలను కింద స్క్రూజాకీలు పెట్టి పైకి లేపారు. ఒక హోటల్‌నైతే లోపల అతిథులు ఉండగానే లేపారట. ఇవేవీ చాలలేదు. చివరికి పశ్చిమాన ఉన్న చిన్న మెట్టను కోస్తూ 28 మైళ్ళ కాలువ తవ్వి, 1900 జనవరి 2న నీరు వదిలారు. ఆనాటినుంచి సరస్సు నీరే నదిలోకి వచ్చి, కాలువ దాటి, డెస్‌ప్లెయిన్స్, ఇల్లినాయ్ నదుల మీదుగా మిసిసిపీలో కలుస్తోంది.

కాలువ పని తెలిసినవాడికి ఇందులో అబ్బురమనిపించేది తవ్విన మట్టి పరిమాణం ఒక్కటే కాదు. నీరు దానంతట అది వెనక్కి తిరగదు. కాలువ అడుగును సరస్సు నీటిమట్టంకన్నా లోతుకు దించి, మెట్టను దాటే పొడవునా ఆ వాలు ఎక్కడా చెడకుండా చూస్తేనే తిరుగుతుంది. ఇప్పటికీ నది మట్టాన్ని సరస్సు మట్టంకన్నా కొద్దిగా తక్కువలోనే ఉంచుతారు. నది మొగ దగ్గర పడవలను ఒక నీటిమట్టంనుంచి మరో మట్టానికి దాటించే, 1938లో పూర్తయిన లాకును పడవలోనుంచి చూపించినప్పుడు, దాని తలుపులవైపు నేను ఎంతసేపు చూశానో అమ్మాయి తరవాత చెప్పింది. అతి భారీ వానలు పడ్డప్పుడు మాత్రం ఊరు మునగకుండా తలుపులు తీసి నదిని పాతదారిన సరస్సులోకి వదలక తప్పదని వ్యాఖ్యాత చెప్పారు.

"మరి ఆ మురుగు దిగువవాళ్ళకు పోయింది కదా, తాతయ్యా?" అని మనవడు అడిగాడు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా పై అధికారి నన్ను అడిగిన ప్రశ్న కూడా సరిగ్గా అలాంటిదే. అవును, పోయింది. దిగువనున్న మిస్సోరీ రాష్ట్రం సుప్రీంకోర్టుకు ఎక్కింది. 1906లో తీర్పు షికాగో ఉన్న ఇల్లినాయ్ రాష్ట్రానికే అనుకూలంగా వచ్చింది. మురుగును శుద్ధిచేసే కేంద్రాలు ఆ తరవాతి కాలంలో వచ్చాయి. ఈ పని గొప్పతనాన్ని నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను గానీ, ఎగువ ఊరు బాగుపడడానికి దిగువ ఊరు కొన్నాళ్ళు మూల్యం చెల్లించిందన్న మాటను మనవడి దగ్గర దాచలేదు.

మధ్యాహ్నం మా ఆవిడ కోరిక ప్రకారం ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్ళాం. 1893 సెప్టెంబరు 11న విశ్వమత మహాసభలో వివేకానందుడు ప్రసంగించింది ఈ భవనంలోనే. అప్పటికి ఆయన వయసు ముప్ఫై ఏళ్ళు. సభకోసం భవనంలో తాత్కాలికంగా కట్టిన మందిరం మాత్రం ఇప్పుడు లేదు. మెట్లకు అటూ ఇటూ నిలిచిన కంచు సింహాలు మరుసటి ఏడాది వచ్చినవి కాబట్టి సభనాటికి అవీ లేవు. ముందున్న వీధికి స్వామి పేరుతో గోధుమరంగు ఫలకం ఉంది. మా ఆవిడ దాని కింద చేతులు జోడించి నిలబడి, "ఏమండీ, ఇంత దూరం ఓడలో వచ్చి, చేతిలో సరిగ్గా డబ్బైనా లేకుండా ఎలా నిలబడ్డారో" అంది. లోపల చిత్రాలను హడావుడిగా చూడడం నాకు నచ్చలేదు. సెరా అనే చిత్రకారుడు చుక్కలు చుక్కలుగా రంగు అద్ది వేసిన చిత్రం ముందు మాత్రం దగ్గరికి, దూరానికి నడుస్తూ చాలాసేపు ఉన్నాం.

పక్కనున్న మిలీనియం పార్కులో అనీశ్ కపూర్ రూపొందించిన 110 టన్నుల అద్దంలాంటి ఉక్కు శిల్పం 'చిక్కుడుగింజ'లో మా నలుగురి ముఖాలూ సాగిపోయి కనిపించాయి. అక్కడ జనం చాలా ఎక్కువగా ఉండడంతో త్వరగానే కదిలాం.

సాయంత్రం విల్లిస్ టవర్ 103వ అంతస్తుకు ఎక్కాం. 1998 దాకా ప్రపంచంలో అన్నిటికన్నా ఎత్తైన ఈ భవనానికి నిర్మాణపు ఊహనిచ్చింది ఢాకాలో పుట్టిన ఇంజనీరు ఫజ్లుర్ రహమాన్ ఖాన్. తొమ్మిది చతురస్రపు గొట్టాలను కట్టకట్టినట్టు నిలబెట్టి, గాలి తాకిడిని అవన్నీ కలిసి మోసేలా చేశారు. గొట్టాలు వేర్వేరు ఎత్తుల్లో ఆగిపోవడం కింద పడవలోనుంచే స్పష్టంగా కనిపించింది. గోడ బయటికి పొడుచుకొచ్చిన గాజు పెట్టెలో నిలబడడానికి మా ఆవిడ ఒప్పుకోలేదు. మనవడు నా చెయ్యి వదలకుండా నిలబడ్డాడు. అక్కడినుంచి అమ్మాయి సరస్సు ఒడ్డున, నేవీ పియర్ పక్కన ఉన్న ఒక పెద్ద చదునైన కట్టడాన్ని చూపించింది. సరస్సు నీటిని శుద్ధిచేసే జార్డీన్ కేంద్రమట. ప్రపంచంలోని అతి పెద్ద కేంద్రాల్లో అదొకటి.

రాత్రి తొమ్మిదింటికి ఇల్లు చేరాం. కాళ్ళు కడుక్కుని వంటింట్లోకి వెళ్ళి కుళాయి కింద గ్లాసు పెట్టాను. "నాన్నా, మా ఊరికి వచ్చేదీ ఆ సరస్సు నీళ్ళే, మీరు చూసిన ఆ కేంద్రంనుంచే" అంది అమ్మాయి. నేను గ్లాసు నింపుకుని, అక్కడే నిలబడి, మెల్లగా తాగాను.