బోటు వైరింగ్ పనికి వచ్చే తమ్ముళ్లకు

మల్లేపల్లి ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చేసినవాడు గల్ఫ్‌లో ఏ పనైనా చేసేస్తాడని మన బస్తీలో గట్టి నమ్మకం. బిల్డింగుల వరకు నిజమే. నేను పనిచేసేది షార్జాలో చిన్న బోట్లు రిపేరు చేసే యార్డులో, అక్కడ ఆ లెక్క కుదరదు. సెలవు మీద హైదరాబాద్ వచ్చినప్పుడల్లా "అన్నా, ట్వెల్వ్ వోల్టే కదా, అందులో ఏముంది?" అని అడుగుతుంటారు కాబట్టి రాస్తున్నా.

బోటులో లైట్లకు, పంపులకు బ్యాటరీ నుంచి వచ్చేది ట్వెల్వ్ వోల్టే. ట్వెల్వ్ వోల్ట్ కాబట్టే కష్టం. ఇంట్లో 230లో రెండు వోల్టులు పోతే ఎవరికీ తెలియదు. బోటులో నీళ్లు తోడే బిల్జ్ పంపు 5 ఆంపియర్లు లాగుతోందనుకోండి, చిలుము పట్టిన జాయింటులో 0.4 ఓమ్ అడ్డం పడితే 2 వోల్టులు అక్కడే పోతాయి. పంపు మూలుగుతూ తిరుగుతుంది, జాయింటు వేడెక్కుతుంది. మీటరు పెడితే మాత్రం 12.6 చూపిస్తుంది, ఎందుకంటే పంపు ఆపి చూశారు. పంపు నడుస్తుండగా, పంపు దగ్గరే చూడాలి. కొత్తగా వచ్చినవాళ్లలో చాలామంది ఇక్కడే బోల్తా పడతారు.

మామూలు సముద్రంలో లీటరుకు 35 గ్రాముల ఉప్పు ఉంటే గల్ఫ్‌లో 40 పైనే. ఎండకు నీరు ఆవిరైపోతుంది, వచ్చి కలిసే నదులు తక్కువ. ఫిట్టింగు నీళ్లలో మునగక్కర్లేదు. తుంపర ఎండి సన్నటి ఉప్పు పొర మిగిలితే చాలు, రాత్రి తేమకు అదే తడిసి పనికానిస్తుంది.

ఓసారి పాత లైటు వైరు ఒలిచి చూస్తే కొసన పచ్చటి చిలుము, లోపల జానెడు పొడుగునా రాగి నల్లబడిపోయి ఉంది. పైన తొడుగు కొత్తదానిలా నిగనిగలాడుతోంది. దీపంలో ఒత్తి నూనె పీల్చినట్టు సన్నటి తీగల మధ్య నుంచి ఉప్పునీరు పైకి పాకుతుంది. అందుకే ట్రూప్ బజార్‌లో దొరికే మామూలు రాగి వైరు బోట్లలో వాడరు. ప్రతి తీగకూ తగరం పూత ఉన్న మెరైన్ వైరు వేస్తారు. వైరు కొసకు బిగించే లోహపు ముక్క, అంటే లగ్గుకు కూడా అదే పూత. లగ్గును వైరు మీద నొక్కి బిగించాక, అంటే క్రింప్ చేశాక, లోపల జిగురున్న హీట్ ష్రింక్ (వేడికి ముడుచుకునే గొట్టం) తొడిగి, అంచుల్లోంచి జిగురు సన్నగా బయటికి కనిపించేదాకా వేడి చేయాలి. జిగురు లేని చవక రకం వేయడం నా దృష్టిలో వేయకపోవడంతో సమానం. సోల్డర్ చేస్తే ఇంకా గట్టిగా ఉంటుంది కదా అంటారు మనవాళ్లు. సోల్డర్ ఆగినచోట వైరు బిరుసెక్కుతుంది, బోటు అదురుకు సరిగ్గా అక్కడే తెగుతుంది.

నీళ్లు చొరబడకుండా సందుల్లో పూసే సిలికాన్ సంగతి ఒకటుంది. మా ఫోర్‌మన్ కేరళ ఆయన, అందరం చేట్టా (మలయాళంలో అన్న) అంటాం. కొత్తవాడు ట్యూబు తెరిస్తే ముందు వాసన చూడమంటాడు. వెనిగర్ వాసన వచ్చిందా, కనెక్షన్ల దగ్గర వద్దు. ఆరేటప్పుడు అది వదిలే ఆమ్లం రాగిని తినేస్తుంది. నీళ్లు రాకుండా పూసిందే తుప్పు తెస్తుందన్నమాట. ఆరేటప్పుడు ఆ ఆమ్లం వదలని న్యూట్రల్ క్యూర్ రకం వాడాలి.

మిగతావి చూసి నేర్చుకోవచ్చు. జాయింట్లు బోటు అడుగున కాకుండా వీలైనంత పైన పెట్టడం, వైరును కిందికి వంచి ఫిట్టింగులోకి తేవడం, వాడిన ప్రతిసారీ పైభాగం మంచినీళ్లతో కడగడం.

ఎండ గురించి కూడా అడుగుతారు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదని అక్కడి రూలు. కానీ క్యాబిన్ లోపల పడుకుని ప్యానెల్ వెనక చెయ్యి దూర్చి పనిచేయడం సాయంత్రమైనా ఉక్కపోతే. చేతికి గీరుకుంటే ఉప్పుకు మంట.

కొన్ని యార్డుల్లో ఇంటర్వ్యూకి సర్టిఫికెట్ కంటే ముందు వైరు, లగ్గు చేతికిస్తారు. క్రింప్ చేశాక పట్టుకుని గట్టిగా లాగుతారు. ఊడితే ఇంటికే. కాబట్టి ఏజెంటుకు డబ్బు కట్టేముందు రాచెట్ క్రింపింగ్ టూల్ ఒకటి కొనుక్కుని, పాత వైరు ముక్కల మీద చెయ్యి తిరిగేదాకా చేయండి. కటింగ్ ప్లయర్‌తో నొక్కే అలవాటు ముందు మానండి.