ఆడకుక్కని ఎవరు పెంచుకుంటారు?

ఒడిశాలోని రాయగడలో కాపురం ఉంటున్నామంటే మా వైపు చుట్టాలు అడిగే మొదటి ప్రశ్న "ఇంకా ఎన్నాళ్ళమ్మా అక్కడ?" అని. పార్వతీపురం నుంచి యాభై కిలోమీటర్లు లేదు. రైలెక్కితే గంట పైచిలుకు. అయినా ఓడెక్కి పోయినట్టే అడుగుతారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రం అయ్యేదాకా ఇదంతా విశాఖపట్నం జిల్లాలోదే. ఇక్కడి బజార్లో వంకాయల దగ్గర్నుంచి బంగారం దాకా తెలుగులోనే బేరమాడొచ్చు. మజ్జిగౌరమ్మ గుడికి విజయనగరం వైపు నుంచి బళ్ళు కట్టుకుని వస్తారు. మమ్మల్ని ప్రవాసులు అనాలో వద్దో నాకే తెలీదు.

పిల్లల్ని చూస్తే మాత్రం తెలుస్తుంది. బళ్ళో ఒడియా. ఏప్రిల్ 1 వస్తే ఉత్కళ దివస్. జూన్‌లో రొజొ పండక్కి ఉయ్యాలలు, మార్గశిరంలో గురువారాలు పక్కింటి లక్ష్మీపూజకి బియ్యప్పిండి ముగ్గులు. మా పెద్దది ఎనిమిదో తరగతి, తెలుగు కూడబలుక్కుని చదువుతుంది. చిన్నోడికి తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు.

చుట్టాల ప్రశ్నకి మేమూ ఏదో ఒకటి చెప్పి దాటేస్తూ వచ్చాం. పెద్దదాని పదో తరగతి కానీ, ఇంటర్‌కి విశాఖ పంపుదాం, మావారికి మిల్లులో ప్రమోషన్ సంగతి తేలనీ. ఇక్కడ ఏ తెలుగింటికి వెళ్ళినా ఇలాంటి వాయిదాలే వినపడతాయి. స్థలం కొంటే విజయనగరంలో కొంటారు. బీరువా కొనాలన్నా "మళ్ళీ మోసుకుపోవాలి కదా" అని ఆగుతారు. ముందుజాగ్రత్త మంచిదే, కాదనను. కానీ కుక్క దగ్గర ఈ వాయిదాలు చెల్లవు. బాగా చూసుకుంటే దేశీ కుక్క 12 ఏళ్ళు, ఇంకా పైన కూడా బతుకుతుంది. దాన్ని ఇంట్లో పెట్టుకోవాలంటే ఎన్నాళ్ళు ఉంటామో ముందు మాకు తెలియాలి.

అది వానల్లో వచ్చి మా మెట్ల కింద, బండి పక్కన చేరింది. నడుం నుంచి తోక దాకా వెంట్రుక లేదు. చర్మం నల్లబడి ఏనుగు తోలులా ముడతలు పడిపోయింది. చెవుల అంచులు పొక్కు కట్టాయి. మెడకి ఆకుపచ్చ నైలాన్ తాడు. కూనగా ఉన్నప్పుడు ఎవరో కట్టారు. కుక్క పెరిగింది, తాడు పెరగలేదు. గొంతు దగ్గర తాడు కనిపిస్తోంది గానీ వెనకవైపు కండలోకి దిగిపోయి, పైన తోలు మూసుకొచ్చింది. ముసిరిన ఈగల్ని తోలుకునే ఓపిక కూడా దానికి లేదు.

చిన్నోడు తన చేతిలోని ముఢి, అదే మన మరమరాలు, గుప్పెడు జల్లాడు. అది పడుకునే నాలికతో ఏరుకుంది. పేరు అప్పుడే పడిపోయింది, ముఢీ అని. పక్కింటి మౌసి, అంటే పిన్ని, పఖాళొ (నీళ్ళు పోసిన అన్నం) గిన్నెతో వచ్చింది, నేను పెరుగన్నంతో వెళ్ళాను. ఇద్దరం పోటీపడి పెట్టేవాళ్ళమే, మావారు ఆపారు. చాన్నాళ్ళు పస్తున్న జంతువుకి ఒక్కసారిగా కడుపునిండా పెడితే ప్రాణం మీదకొస్తుంది. కొంచెం కొంచెం, ఎక్కువసార్లు పెట్టాలి. పాలు వద్దు, చాలా కుక్కలకి పాలు పడవు, విరేచనాలు పట్టుకుంటాయి.

గజ్జికి మందులు చెప్పనివాడు మా వీధిలో లేడు. మా అత్తయ్య ఫోన్లో కానుగ నూనె అంది, మౌసిదీ అదే మాట. ఆటో అబ్బాయి కాల్చిన ఇంజన్ ఆయిల్ రాయమని సీసాలో తెచ్చి కూడా ఇచ్చాడు. వాడిది మంచి మనసే. కానీ కుక్క ఒళ్ళు నాక్కుంటుంది, ఆ నూనె కడుపులోకి పోతే విషం. సీసా అలాగే తిరిగిచ్చేశాం. గజ్జి తెచ్చేది కంటికి కనపడని పురుగు, చర్మంలో బొరియలు చేసుకుని ఉంటుంది. పైన నూనెలు పూస్తే పోయేది కాదు. దానికి మందు ఉంది, అది కుక్క బరువు చూసి డాక్టరే ఇవ్వాలి. ఒక రకం గజ్జి మనుషులకీ అంటుకుని కొన్నాళ్ళు దురద పెడుతుంది. అందుకే దాని గోనెపట్టా వేరు, దాన్ని ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగాల్సిందే.

పాత దుప్పటిలో చుట్టి సర్కారు పశువుల ఆసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలో అది ఉలిక్కిపడి చిన్నోడి మోచేతి కింద గీరేసింది. రక్తం రాలేదు, తెల్లటి గీత అంతే. డాక్టరుగారు కుక్కని చూడకముందే వాడి చెయ్యి చూశారు. "కరిచిందా, గీరిందా, పుండు మీద నాకిందా?" అని వరసగా ఒడియాలో అడిగారు. నేను తడుముకుంటుంటే పెద్దదే జవాబులు చెప్పింది. ముందు పంపు కింద చెయ్యి పెట్టించి, సబ్బుతో 15 నిమిషాలు కడగమన్నారు. పావుగంట అంటే చిన్న మాటే గానీ, తొమ్మిదేళ్ళ పిల్లాడి చెయ్యి అంతసేపు పంపు కింద పట్టుకుంటే తెలుస్తుంది. అక్కణ్ణుంచి నేరుగా మనుషుల ఆసుపత్రికి వెళ్ళి రేబిస్ టీకా సూది వేయించాం. చర్మంలోకి వేసే పద్ధతిలో మొదటి రోజు, తర్వాత 3, 7, 28 రోజులకి, ప్రతిసారీ రెండు భుజాలకీ. గాయం నుంచి రక్తం వస్తే సూది ఒక్కటే చాలదు, గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్, అంటే రేబిస్‌ని అడ్డుకునే తయారు ప్రతిరక్షకాలు, కూడా వేస్తారు. అత్తయ్య పసరు సంగతి ఎత్తితే, ఎప్పుడూ తల్లికి ఎదురు చెప్పని మావారు "అమ్మా, ఇంక ఆ మాట ఎత్తకు" అనేశారు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషిని బతికించుకోవడం దాదాపు అసాధ్యం. ఇందులో మొహమాటాలు పెట్టుకోకూడదు.

తాడు తీయడానికి మత్తిచ్చారు. కత్తెర దూరే సందు లేదు. కాంపౌండరు సన్నటి పట్టకారుతో పోగు పోగు పైకి లాగుతుంటే డాక్టరు కోశారు. పెద్దది టార్చిలైటు పట్టుకుంది, చెయ్యి వణకలేదు. తాడు మొత్తం బయటికొచ్చాక చూస్తే చివర ముడి గట్టిగా, బిగువుగా, తీరుగా వేసి ఉంది. వేసినవాళ్ళు శ్రద్ధగానే వేశారు. పళ్ళు చూసి రెండేళ్ళు ఉండొచ్చన్నారు. సూది వేయించుకున్న పిల్లాడు ఉన్నాడు కాబట్టి దాన్ని 10 రోజులు కళ్ళ ముందే ఉంచుకోమన్నారు. మెట్ల కింద ఉన్నది పెరట్లోకి వచ్చింది అలాగే.

ఆ పది రోజుల్లోనే ఇంట్లో అసలు చర్చ నడిచింది. దీన్ని ఏం చెయ్యాలి?

అత్తయ్యగారి ఊరికి పంపేద్దామని మావారు అన్నారు. మాకు ఏది ఎక్కువైనా ముందు గుర్తొచ్చేది ఆ ఊరే: పాత మంచం, చోటు చాలని పుస్తకాలు, వేసవి సెలవుల్లో పిల్లలు. కానీ ఊరి కుక్కలు కొత్తదాన్ని వీధిలోకి రానిస్తాయా? ఒళ్ళంతా పుండ్లున్నదాన్ని చీల్చేస్తాయి. పైగా అత్తయ్య కోళ్ళు. రైల్లో తీసుకెళ్ళడమూ తేలిక కాదు, ఫస్ట్ ఏసీలో గది మొత్తం మనమే తీసుకోవాలి, లేదా బ్రేక్ వ్యానులో పెట్టెలో ఎక్కించాలి. స్లీపర్లో కూర్చోబెట్టుకుంటామంటే కుదరదు. విశాఖలో కుక్కల ఆశ్రయాలు ఉన్నాయి, వాటికి ఉన్నవాటితోనే సరిపోతోంది. మన కళ్ళముందు లేకపోతే చాలనుకుని పంపినట్టు అవుతుంది.

నయమయ్యాక వీధిలోనే వదిలేయడం ఇంకో దారి. ఇది తేలిగ్గా కొట్టేసే మాట కాదు. 2023లో వచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం వీధికుక్కకి ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టుకున్న చోటే వదలాలి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది, రేబిస్ అనుమానం ఉన్నవీ మీద పడి కరిచేవీ తప్ప. అయితే ఆ నవంబరులో బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లోంచి మాత్రం కుక్కల్ని తీసేయాలనీ, మళ్ళీ అక్కడ వదలకూడదనీ ఇంకో ఉత్తర్వు వచ్చింది. మా వీధి చివరే బడి. చిన్నోడు వెళ్తే ఇది వెనకాలే వెళ్తుంది, గేటు దగ్గర ఆగమంటే దానికేం తెలుసు?

మిగిలింది మేమే. అక్కడ వచ్చింది చిక్కు.

"ఏటే, ఆడకుక్కా?" అంది అత్తయ్య ఫోన్లో. "మగదైతే వాకిట్లో పడుంటది గానీ, ఆడదాన్ని ఎవలు పెంచుకుంటారే? ఏడాదికి రెండీతలు." పావుగంట తిరక్కుండా మౌసి గోడ మీంచి తొంగి చూసి, "మాఈ కుకురా?" అని మొహం చిట్లించింది. ఇంటి ఓనరుదీ అదే పాట. తెలుగు, ఒడియా, అద్దెకిచ్చేవాళ్ళు, అద్దెకుండేవాళ్ళు, అందరూ ఒక్క మాట మీద నిలబడ్డ సందర్భం నేను ఇదే చూడటం.

పెద్దది ఊరుకోలేదు. ముందు మౌసి దగ్గరికెళ్ళింది. రొజొ అంటే భూదేవి ముట్టయిన రోజులని చెప్పి, మూడు రోజులు నాగలి కూడా పెట్టకుండా, ఆడపిల్లల్ని కొత్త బట్టల్లో ఉయ్యాలలెక్కిస్తారు కదా, మరి ఈ కుక్కకి ఎద వస్తే తప్పేంటని ఒడియాలో అడిగింది. మౌసి నవ్వి, తర్వాత ఏమీ అనలేక పీఠా, అంటే పిండివంట, పెట్టిచ్చి పంపింది. సాయంత్రం నానమ్మ వంతు. నానమ్మ దానికి ఫోన్లో చెప్పిన కథల్లో సరమ కథ ఒకటి. జనమేజయుడు యాగం చేస్తుంటే అక్కడ ఆడుకుంటున్న కుక్కపిల్లని రాజుగారి తమ్ముళ్ళు కొడతారు. తల్లి సరమ, దేవతల కుక్క, నేరుగా సభకి వచ్చి రాజునే నిలదీస్తుంది, అనుకోని భయం వచ్చి పడుతుందని చెప్పి వెళ్ళిపోతుంది.

"అది ఆడకుక్కే కదా నానమ్మా? రాజుని అడగడానికి మగకుక్క ఎందుకు రాలేదు?"

అవతల కాసేపు మాటలేదు. "ఆ కథ నేనే సెప్పేనేటి?" అంది అత్తయ్య చివరికి.

ఇక్కడి పండగతో ఇక్కడివాళ్ళనీ, అక్కడి కథతో అక్కడివాళ్ళనీ అడిగేసిందది. రెండు భాషల మధ్య పిల్లలు ఎటూ కాకుండా పోతారేమోనని నాకు చాలాకాలం టెన్షన్ ఉండేది. ఆ రోజు నుంచి కాస్త తగ్గింది. పూర్తిగా పోయిందంటే అబద్ధం, దాని తెలుగు దస్తూరీ చూస్తే మళ్ళీ మొదలవుతుంది.

ఈతల బాధకి మందు ఆపరేషనే. ఎద ఇంచుమించు ఆరు నెలలకోసారి వస్తుంది, కట్టాక రెండు నెలల్లో పిల్లలు. గర్భసంచి, అండాశయాలు తీయించేస్తే ఆ గొడవ ఉండదు. చర్మం మానాలి, కొంచెం బరువు పెరగాలి, అప్పుడు చేస్తామన్నారు డాక్టరు. ఓనరు ఆపరేషన్ కాగితం చూపిస్తే ఒప్పుకుంటానన్నాడు.

కానీ నన్ను నిజంగా ఇరుకున పెట్టింది చిన్నోడు. తాడు కట్టిందెవరో కనుక్కుంటానని వీధంతా తిరిగొచ్చాడు. వెనక లైన్లో అద్దెకున్న కుటుంబం పెంచిందట, బదిలీ అయి వెళ్తూ వదిలేసి పోయారట. అలా వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరమే, ఎవరికీ శిక్ష పడటం మాత్రం నేను చూడలేదు. వాడికి చట్టంతో పనిలేదు. "మనకీ ట్రాన్స్‌ఫర్ అయితే?" అన్నాడు.

మావారు నా వైపు చూశారు. చుట్టాలకి చెప్పే జవాబులేవీ వాడి దగ్గర పనికిరావు. ఆ రాత్రి ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం, కుక్క గురించి తక్కువ, పెద్దదాని ఇంటర్ గురించి ఎక్కువ. ఇక్కడే ప్లస్ టూ చదివితే ఏం పోతుంది అన్న మాట మా ఇంట్లో అప్పుడే మొదటిసారి వచ్చింది. తేలలేదు. తేలింది ఒక్కటే, ఎక్కడికి వెళ్ళినా అది మాతోనే వస్తుంది, కుక్కని వద్దన్న ఇల్లు అద్దెకి తీసుకోం. పొద్దున్నే చిన్నోడికి ఆ మాటే చెప్పాం. వాడు వెళ్ళి ముఢీకి ఒడియాలో చెప్పొచ్చాడు.

ఇప్పుడు నడుం మీద నూగులా బొచ్చు వస్తోంది. రేబిస్ టీకా అయింది, ఏటేటా వేయించాలి. మెడ చుట్టూ తాడు ఉన్నచోట వెంట్రుక రాదన్నారు.

సంక్రాంతి ప్రయాణం మిగిలింది. మౌసి చూసుకుంటానంది గానీ పెద్దది ఒప్పుకోవట్లేదు. నిన్న అత్తయ్యే ఫోన్ చేసింది. "ఆటో మాటాడుకుని దాన్నీ తెచ్చీండి, కోళ్ళని గూట్లో పెడతాను. గడప మాత్రం దాటకూడదు."

"అరుగు మీదకి రావచ్చా నానమ్మా?"

"అరుగు దాకా సరే."

"చలేస్తే?"

"ముందు రానీయే!"