ఒకే మోతాదు, మూడు అంకెలు

2025 మే నెలలో డాక్టరు గారు నా చీటీ మీద రాసింది ఒక్క లైనే. బరువు తగ్గడానికి వాడే టిర్జెపటైడ్ ఇంజెక్షన్ 2.5 మి.గ్రా., వారానికి ఒకసారి, నాలుగు వారాలు. రాసే ముందు మాత్రం చాలా అడిగారు. ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ క్యాన్సర్ వచ్చిందా, నాకెప్పుడైనా పాంక్రియాస్ వాపు వచ్చిందా, ఇంకా ఏ మందులు వాడుతున్నాను అని. నా బరువు 97 కిలోలు. స్కూల్లో రెండో అంతస్తు క్లాసుకు వెళ్లాలంటే మధ్యలో ఆగి మోకాళ్లు పట్టుకోవాల్సి వచ్చేది.

మౌంజారో పేరుతో ఆ మందు మన దేశానికి వచ్చి అప్పటికి రెండు నెలలే. మందు ముందే నింపి ఉండే ఇంజెక్షన్ పెన్నులు ఇంకా రాలేదు, చిన్న గాజు సీసాలే ఉండేవి. 2.5 మి.గ్రా. సీసా అప్పుడు 3,500 రూపాయలు. వారానికి ఒక సీసా అంటే నా జీతానికి చిన్న ఖర్చు కాదు. హనుమకొండ ఎండలో మెడికల్ షాపు నుంచి ఇంటికి దాన్ని ఐస్ ప్యాక్‌తో తెచ్చాను. ఐసు నేరుగా తగిలి మందు గడ్డకడితే ఇక పారేయాల్సిందే కాబట్టి, సీసాకు మందపాటి గుడ్డ చుట్టాను.

క్లినిక్‌లో సిస్టర్ చెప్పి పంపింది గుర్తుంది: "50 గీత దాకా లాగండి మేడమ్." సిరంజి విడిగా కొనలేదు. అమ్మ పన్నెండేళ్లుగా ఇన్సులిన్ తీసుకుంటోంది, ఇంట్లో డబ్బా నిండా సిరంజిలు ఉన్నాయి. ఆదివారం రాత్రి చేతులు కడుక్కుని, సీసా ముందు పెట్టుకుని, ఎర్ర మూత సిరంజి తీసి లైటు కింద చూశాను. గీతలు 40 దగ్గరే అయిపోయాయి. 50 అనేదే లేదు.

"నాకెప్పుడూ 40 వరకే ఉంటది బిడ్డా. ఒకసారి 40, ఇంకోసారి 10 తీసుకో" అంది అమ్మ.

అది సబబుగానే అనిపించింది. అయినా మనసు ఒప్పక డల్లాస్‌లో ఉండే మా వదినకు ఫోన్ చేశాను. ఆమె నిరుడు ఇదే మందు వాడింది. "50 ఏంటి? 2.5 మి.గ్రా.కి నేను 25 యూనిట్లే, అంటే 25 గీత దాకే, తీసుకునేదాన్ని. నువ్వు డబుల్ డోసు వేసుకుంటున్నావేమో చూసుకో!" అని కంగారు పడింది. నాకు ఒక్కసారిగా టెన్షన్ పట్టుకుంది. సీసా మూత తీయకుండానే మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టేశాను.

మర్నాడు సిస్టర్ నా మాట విని, మొదట అడిగింది ఒక్కటే. "సిరంజి మూత ఏ రంగు మేడమ్?"

అప్పుడు తెలిసింది. ఎర్ర మూత సిరంజి, ఒక మిల్లీలీటరులో 40 యూనిట్లుండే ఇన్సులిన్ కోసం చేసింది. నారింజ మూతది 100 యూనిట్ల ఇన్సులిన్ కోసం. మన దగ్గర రెండు రకాలూ దొరుకుతాయి. నా సీసాలో డోసు అర మిల్లీలీటరు. నారింజ సిరంజి మీద అది 50 గీత, ఎర్ర సిరంజి మీద 20 గీత. అమ్మ చెప్పినట్టు చేసి ఉంటే 1.25 మి.లీ. లాగాలి. అంత మందు సీసాలోనే లేదు.

మరి వదిన 25 సంగతి? ఆమె తీసుకున్నది అక్కడి ఫార్మసీలో విడిగా కలిపి ఇచ్చే మందు. ఆ సీసా మీద ఏం రాసి ఉందో చూసి చెప్పమన్నాను. మిల్లీలీటరుకు 10 మి.గ్రా. నాది మిల్లీలీటరుకు 5 మి.గ్రా. ఆమె మందు రెట్టింపు గాఢంగా ఉంది కాబట్టి ఆమెకు సగం గీత సరిపోయింది. 50, 25, 20. మూడూ 2.5 మి.గ్రా.లే, మూడూ సరైనవే. కానీ ఒకరి అంకె ఇంకొకరి సీసాకు పెడితే తప్పు. ఇలా కలిపి ఇచ్చే సెమాగ్లుటైడ్ అనే ఇలాంటి ఇంకో మందు విషయంలో కొందరు అసలు డోసుకు 5 నుంచి 20 రెట్లు తీసుకుని, వాళ్లలో కొందరు ఆసుపత్రి పాలయ్యారని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024లోనే హెచ్చరించింది. మిల్లీగ్రాములు, మిల్లీలీటర్లు, యూనిట్లు కలగాపులగం కావడమే దానికి ఒక కారణం.

నారింజ సిరంజిలు కొన్నాక ఇంకో భయం మొదలైంది. అవి అమ్మ డబ్బాలో కలిస్తే? అమ్మ 20 యూనిట్లు వేసుకుంటుంది. పొరపాటున నారింజ సిరంజిలో 20 గీత దాకా లాగితే, ఆమె 40 రకం ఇన్సులిన్ ఒంట్లోకి వెళ్లేది 8 యూనిట్లే. ఆ రాత్రే నా సిరంజిలు తీసుకెళ్లి నా బీరువాలో పెట్టాను. అమ్మ డబ్బా మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో పెద్ద అక్షరాల్లో ఆమె పేరు రాశాను.

ఆ తర్వాత అసలు పని అంత కష్టం కాలేదు. రబ్బరు మూతను స్పిరిట్ దూదితో తుడవాలి. సిరంజిలోకి 50 గీత దాకా గాలి లాగి సీసాలోకి వదలాలి. సూది బయటికి తీయకుండానే సీసా తలకిందులు చేసి నెమ్మదిగా లాగాలి. నా సిరంజిలో ఒక్కో చిన్న గీత 2 యూనిట్లు. చూడాల్సింది నల్ల రబ్బరుకు సూది వైపున్న అంచు. మొదటిసారి నేను కింది అంచు చూసి పొరబడబోయాను. బుడగలు కనబడితే వేలితో తట్టి పైకి పంపి, గాలి సీసాలోకి తోసి, మళ్లీ గీత సరిచూసుకోవాలి. చర్మం కింద చిన్న బుడగ వల్ల ప్రమాదం లేదు కానీ, సిరంజిలో అది ఆక్రమించినంత మేర మందు తగ్గుతుంది. బొడ్డుకు రెండంగుళాలు పక్కన, ప్రతి వారం చోటు మారుస్తూ సూది వేసుకోవాలి. వాడిన సిరంజిలు గట్టి ప్లాస్టిక్ సీసాలోకి వెళ్తాయి, చెత్తబుట్టలోకి కాదు. మా ఇంటికి చెత్త తీసుకెళ్లడానికి వచ్చే ఆమె చేతులకు తొడుగులు కూడా ఉండవు.

ఐదో వారం డాక్టరు గారు 5 మి.గ్రా.కు పెంచారు. ఆ సీసా అప్పుడు 4,375 రూపాయలు. డోసు రెట్టింపు అయింది కదా, ఇప్పుడు 100 గీత దాకా లాగాలా? మళ్లీ ఆగి పెట్టె మీద చదివాను. 5 మి.గ్రా., 0.5 మి.లీ. ఈ సీసాలో మందే గాఢంగా ఉంది, గీత మాత్రం అదే 50.

రేట్లు విన్న మా తోటి టీచర్ ఒకామె, 5 మి.గ్రా. సీసా కొని రెండు వారాలు సగం సగం వాడుకోవచ్చు కదా అంది. డబ్బు లెక్కలో ఆమె మాట నిజమే. నేనూ ఆశపడి అడిగాను. డాక్టరు గారు వద్దన్నారు. అది ఒక్క డోసు సీసా, చెడిపోకుండా ఉంచే ప్రిజర్వేటివ్ అందులో ఉండదు. ఒకసారి సూది గుచ్చిన సీసాను వారం దాచితే క్రిములు చేరే ప్రమాదం ఉందని చెప్పారు. మిగిలిన కొన్ని చుక్కలతో సహా సీసా పారేయడం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది, కానీ పారేస్తున్నాను.

5 మి.గ్రా. మొదటి రెండు రోజులూ వికారంతో పెరుగన్నం తప్ప ఏదీ సహించలేదు. ఆ సంగతి డాక్టరు గారికి చెబితే, నాలుగు వారాలయ్యాక కూడా పెంచకుండా అదే డోసు మీద ఉంచారు. ఇప్పుడు ఆదివారం రాత్రి నేను సిరంజి ఎత్తి పట్టుకుంటే, అమ్మ కళ్లద్దాలు పెట్టుకుని పక్కన నిలబడి గీత చదువుతుంది. ఆమె "యాభై" అన్నాకే సూది వేసుకుంటాను.